పోగైన డబ్బు ఎవరిది?

ప్రశ్న: నల్లగొండ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. మాతో పదో తరగతి వరకు చదివిన మిత్రుడు గీత కార్మికుడు. మూడు నెలల కిందట మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నేను చందాలు అడిగితే 71 మంది కలిసి నా ఫోన్‌పేకు 3,40,000 రూపాయలు పంపారు. మొదట చేర్చిన ప్రైవేటు ఆస్పత్రికి, అంబులెన్సుకు, స్కానింగులకు, బయట కొన్న మందులకు లక్ష అయింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది. అతను ఇంటికి వచ్చి నెల దాటింది. మిగిలిన 2,40,000 దగ్గరే గొడవ మొదలైంది. ఇంటి ఖర్చులకు, పిల్లల ఫీజులకు కొంత ఇమ్మని అతని భార్య అడిగితే, వైద్యానికి ఇచ్చిన డబ్బు ఇంటికి ఎలా వాడతారని కొందరు అభ్యంతరం చెబుతున్నారు. మొత్తం అతని అన్న చేతిలో పెట్టమని ఇంకొందరు అంటున్నారు. అన్నకూ అతనికీ పొలం తగాదా ఉంది. గ్రూపులో ఒకరు మూత్రం సంచితో మంచంలో ఉన్న అతని ఫొటోను ఫేస్‌బుక్‌లో పెట్టి మళ్లీ చందా అడిగారు. అప్పటినుంచి మా మిత్రుడు నాతో మాట్లాడడం మానేశాడు. అమెరికాలో ఉన్న ఇద్దరు పెద్ద మొత్తం పంపుతామంటున్నారు. లెక్కలు అడిగేవాళ్లకు ఏం చెప్పాలో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: మాస్టారూ, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. 71 మంది ఏమనుకుంటున్నారో అందులో ఉంది, భార్య ఏమడిగిందో ఉంది, అన్న సంగతి ఉంది, అమెరికా మిత్రుల సంగతి ఉంది. మంచంలో ఉన్న మనిషి ఏం కోరుకుంటున్నాడో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. మీ మనసు మంచిది కాదని నేను అనడం లేదు. ఆ మొదటి వారాల్లో మీరు పరుగెత్తకపోతే అతను ఆస్పత్రి మెట్లు కూడా ఎక్కేవాడు కాదేమో. అయితే దెబ్బ తగిలింది అతని వెన్నుకు. అతని మాటకూ, చేతులకూ, బుద్ధికీ ఏమీ కాలేదు. ఇన్నేళ్లుగా తన సంసారం తాను నడుపుకున్నవాడు. అతని పేరు మీద పోగైన డబ్బు గురించి అతన్ని తప్ప ఊరందరినీ అడుగుతున్నారు. అతను మాట్లాడడం మానేసిన కారణం ఫొటో ఒక్కటే కాకపోవచ్చు.

కాబట్టి మీ ప్రశ్నకు నా సమాధానం ముందే చెబుతాను. ఇచ్చినవాళ్ల చేయి దాటిన క్షణం నుంచి ఆ డబ్బు అతనిది. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలన్నది అతనూ అతని భార్యా నిర్ణయించాలి. మీరంతా ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం, సాయం అందించాలి. లెక్క మాత్రం అందరికీ కనిపించాలి. మిగిలిన విషయాలన్నీ నేను ఇక్కడి నుంచే చూస్తున్నాను.

మొట్టమొదట, ఆ 2,40,000 మీ ఖాతాలో ఇంకొక్క వారం కూడా ఉండకూడదు. అతనూ అతని భార్యా ఇద్దరి పేర్లతో ఉమ్మడి ఖాతా తెరిపించి, నగదుగా కాకుండా బ్యాంకు ద్వారానే బదిలీ చేయండి. అతను బ్యాంకుకు రాలేని స్థితిలో ఉన్నాడని మేనేజరుకు వివరించి, ఇంటికి మనిషిని పంపమని అడగండి. ఊళ్లోని బ్యాంకు మిత్ర ద్వారా వేలిముద్ర పని పూర్తవుతుందేమో కనుక్కోండి. పాత జన్‌ధన్ ఖాతా ఉందని అందులోనే వేయాలనుకుంటే దాని కేవైసీ పూర్తయిందో లేదో ముందు చూడండి. పూర్తి పత్రాలు లేకుండా తెరిచిన చిన్న ఖాతాలో 50,000 రూపాయలకు మించి నిల్వ ఉండకూడదు, ఏడాదిలో లక్షకు మించి జమ కాకూడదు. తీరా డబ్బు వేశాక అది ఇరుక్కుపోతే మళ్లీ మీరే తిరగాలి.

ఈ తొందర మీ క్షేమం కోసం కూడా. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 50,000 రూపాయలకు మించి వచ్చిన డబ్బును ఆదాయపు పన్ను చట్టం పుచ్చుకున్నవారి ఆదాయంగానే లెక్కిస్తుంది. 50,000 దాటితే పైమొత్తాన్ని కాదు, మొత్తాన్నీ లెక్కిస్తుంది. జీతం మీద పన్ను కట్టే మీ ఖాతాలో ఆ మొత్తం కనిపిస్తే, ఇది నాది కాదు, మిత్రుడిదని రుజువు చూపించాల్సిన భారం మీ మీద పడుతుంది. వేరే ఆదాయం లేని అతని ఖాతాలో అదే మొత్తం పన్ను పరిధికి లోపలే ఉండిపోతుంది. పైగా ప్రభుత్వ ఉద్యోగులు చందాలు వసూలు చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని మన ప్రవర్తనా నియమావళిలో ఉంది. ఎవరైనా గిట్టనివాళ్లు ఫిర్యాదు చేస్తే మీరు చేసిన మంచిపనికి సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుంది. ఇకమీదట వచ్చే ప్రతి రూపాయీ నేరుగా వాళ్ల ఖాతాకే వెళ్లేలా ఆ క్యూఆర్ కోడ్‌నే గ్రూపులో పెట్టండి.

లెక్కల సంగతికి వస్తే, మన ఊళ్లలో పెళ్లి పందిట్లో ఒక మూల బల్ల వేసుకుని కూర్చుని చదివింపులు రాసే పెద్దమనిషి ఉంటాడు. పేరు, ఊరు, మొత్తం. అంతే రాస్తాడు, ఆ పుస్తకాన్ని ఎవరూ శంకించరు. అందరి ఎదుట, డబ్బు అందిన క్షణంలోనే రాస్తాడు కాబట్టే దానికి ఆ విలువ. మీరు చేసిన పొరపాటు డబ్బు తినడం కాదు, రాయడం ఆలస్యం చేయడం. ఈ రాత్రే కూర్చుని ఫోన్‌పే స్టేట్‌మెంట్ తీసి 71 పేర్లూ, తేదీలూ, మొత్తాలూ ఒక కాగితం మీద రాయండి. తన పేరు బయటికి రావద్దన్న వాళ్లుంటే ఆ చోట ‘ఒక మిత్రుడు’ అని రాయండి. ఖర్చయిన లక్షకు బిల్లులు ఉన్నవి ఒక వరుసలో, లేనివి ఇంకో వరుసలో పెట్టండి. అంబులెన్సువాడు రసీదు ఇచ్చి ఉండకపోవచ్చు, ఆస్పత్రి దగ్గర తోడున్నవాళ్ల భోజనాలకు బిల్లు ఉండకపోవచ్చు. లేనిది లేదనే రాయండి, ఎవరు ఇచ్చారో, ఏ రోజు ఇచ్చారో పక్కన పెట్టండి. అన్ని రూపాయలకూ బిల్లు చూపించే లెక్క కంటే, బిల్లు లేని 6,000 రూపాయల్ని దాచకుండా చెప్పే లెక్కనే జనం ఎక్కువ నమ్ముతారని నా అనుభవం. మీతో పాటు ఇంకొకరి సంతకం, వీలైతే గొడవ చేస్తున్న వారిలోనే ఒకరి సంతకం, ఆ కాగితం మీద ఉండేలా చూడండి. ఆ కాగితం గ్రూపుకు వెళ్లే ముందు మీ మిత్రుడికి చూపించండి.

ఇక, వైద్యానికి ఇచ్చిన డబ్బు ఇంటికి ఎలా వాడతారన్న అభ్యంతరం. దీనికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇలా అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. తమ డబ్బు అప్పులవాడి చేతికి పోతుందేమో, తాగుడుకు పోతుందేమో అన్న భయం వాళ్లది. కానీ వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి వైద్యం ఎక్కడ జరుగుతుందో వాళ్లకు తెలియదు. ఆపరేషన్ విరిగిన ఎముకను నిలబెడుతుంది. ఆ తర్వాత మనిషి బతికేదీ లేనిదీ ఇంట్లో, మంచం దగ్గర తేలుతుంది. నడుము కింద స్పర్శ లేని మనిషికి ఒకే వైపు పడుకుంటే నొప్పి తెలియదు, తెలియదు కాబట్టి కదలడు. ఎముక ఒత్తుకున్న చోట, అంటే పిరుదుల మధ్య ఎముక దగ్గర, తుంటి పక్కన, మడమల మీద, రక్తం ఆడక చర్మం చచ్చి పుండు పడుతుంది. ఆ పుండు ఎముక దాకా పోతుంది. దాన్ని ఆపే మందు లేదు. మంచంలో ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి, పగలూ రాత్రీ, మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడమే మందు. మూత్రం తనంతట తాను రాదు. వేళ తప్పకుండా శుభ్రంగా గొట్టం వేసి తీయాలి, లేకపోతే ఇన్ఫెక్షన్ మూత్రపిండాలకు ఎక్కుతుంది. మలవిసర్జనకు రోజూ ఒక వేళ అలవాటు చేయాలి. కాళ్లు బిగుసుకుపోకుండా కీళ్లను రోజూ కదిలించాలి.

ఈ పని అంతా ఎవరు చేస్తున్నారు? అతని భార్య. ఆమె పత్తి ఏరడానికో, నాట్లకో కూలికి వెళ్లిందనుకోండి, ఉదయం ఎనిమిదింటికి వెళ్లి సాయంత్రం ఐదింటికి వస్తుంది. ఆ తొమ్మిది గంటల్లో అతన్ని తిప్పేవాళ్లు లేరు. ఇంట్లో బియ్యానికి, పిల్లల ఫీజుకు మీరు డబ్బు ఇవ్వకపోతే ఆమె కూలికి వెళ్లక తప్పదు. వెళితే అతనికి పుండు పడుతుంది. పుండు పడితే ఆస్పత్రి, యాంటీబయాటిక్స్, చర్మం అతికే ఆపరేషన్, ఇవాళ మీరు వద్దంటున్న దానికి ఎన్నో రెట్లు ఖర్చు. ఆమెను ఇంట్లో ఉండనివ్వడానికి ఇచ్చే నెలకు పదివేలు వైద్యం ఖర్చే. ఈ మాటను ఈ లెక్కతోనే గ్రూపులో చెప్పండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా చేతుల మీదుగానే జరిగిన ఒక పొరపాటు. చాలా ఏళ్ల కిందట నేను ఒక పెద్ద ఆస్పత్రిలో రోగుల కుటుంబాలకు సాయపడే ఉద్యోగంలో ఉన్నప్పుడు, భవనం పని చేస్తూ సారువ మీది నుంచి పడిన ఒక తాపీ మేస్త్రి కోసం చందాలు పోగు చేశాను. వచ్చిందంతా ఆపరేషన్‌కూ, ఆ తర్వాత ఒక నెల ప్రత్యేక గదికీ ఖర్చు చేశాను. ఇంటికి పంపేటప్పుడు ఆ కుటుంబం చేతిలో బస్సు చార్జీలకు మించి ఏమీ మిగల్లేదు. మంచిగా చూపించామన్న తృప్తి మాత్రం నాకు మిగిలింది. ఏడు నెలల తర్వాత అదే మనిషి తిరిగి వచ్చాడు. నడుము మీద దుప్పటి తీసి చూపించినప్పుడు ఆ పుండులో నా పిడికిలి పడుతుందనిపించింది. అతని భార్య తన సంచిలోంచి ఒక గోడ క్యాలెండరు తీసింది. మొదటి రెండు నెలల గళ్లలో పెన్సిలుతో చిన్న చిన్న గీతలు, రోజుకు పన్నెండు చొప్పున, అతన్ని తిప్పిన ప్రతిసారీ ఒక గీత. మూడో నెలలో రోజుకు ఐదో ఆరో ఉన్నాయి. నాలుగో నెల నుంచి ఏమీ లేవు. ఆమె ఇటుక బట్టీలో పనికి చేరిన నెల అది. నేను మళ్లీ పాత దాతలకు ఫోన్లు చేస్తే, మొన్ననే కదా ఇచ్చామన్నారు. వాళ్ల తప్పు లేదు. ఒక్కసారికే సరిపోతుందన్నట్టుగా అడిగింది నేను.

అందుకే మీ దగ్గర 2,40,000 మిగిలి ఉండడం నాకు ఊరటగా ఉంది. అతను ఒప్పుకుంటే, అవును, అతను ఒప్పుకుంటేనే, దాన్ని మూడు భాగాలుగా ఆలోచించవచ్చు. ఒక 40,000 ఇప్పుడే ఖర్చు పెట్టాలి. గాలి పరుపు, అతని ఒంటి కొలతకు సరిపడే చక్రాల కుర్చీ, దానికి మంచి దిండు, మరుగుదొడ్డి మార్పులు ఇందులోకి వస్తాయి. ఆస్పత్రి వరండాలో కనిపించే రేకు కుర్చీ లాంటిది ఎవరైనా దానంగా తెచ్చి ఇస్తే, తీసుకునే ముందు దాని వెడల్పు అతని తుంటి వెడల్పుకు సరిపోతుందో లేదో చూడండి. సరిపోని కుర్చీ కూడా పుండ్లు తెస్తుంది. నెలకు 10,000 చొప్పున ఏడాదికి 1,20,000 ఇంటికి. మిగిలిన 80,000 ముట్టుకోకుండా ఉంచితే, జ్వరంతో మూత్రం ఇన్ఫెక్షన్ వచ్చిన రాత్రి ఎవరినీ అడగకుండా ఆస్పత్రికి బయలుదేరగలుగుతారు. ఇది నా లెక్క. అతను ముందు వడ్డీల అప్పు తీర్చాలంటే దాన్ని తప్పుపట్టకండి. నూటికి మూడు రూపాయల వడ్డీ నెలనెలా తినే ఇంట్లో అప్పు తీర్చడం కూడా తెలివైన నిర్ణయమే కావచ్చు.

ఈ ఖర్చుల్లోకి ఇంకొకటి చేర్చమని అతనితో చెప్పి చూడండి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు మంచంలోంచి కుర్చీలోకి తమంతట తాము మారడం, గొట్టం తామే వేసుకోవడం, కర్రకు కట్టిన అద్దంతో తమ వీపు తామే చూసుకుని ఎర్రబడిన చోటును పసిగట్టడం నేర్పే కేంద్రాలున్నాయి. మన రాయలసీమ, నెల్లూరు వాళ్లు పెద్ద జబ్బు అంటే వెళ్లే తమిళనాడులోని వెల్లూరు సీఎంసీ ఆస్పత్రికి బాగాయంలో 1966 నుంచి అలాంటి పునరావాస కేంద్రం ఉంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో జరిగిన ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన మనిషి. ఆమె తన చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అక్కడికే వెళ్లాలని కాదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరును, పునరావాస విభాగం ఎక్కడుంది, మాకు చీటీ రాసివ్వండి అని అడగండి. కొన్ని వారాల శిక్షణ తర్వాత అతని భార్య రాత్రి నిద్రపోగలిగితే, ఆ ఖర్చుకు మించిన ఖర్చు ఇంకేదీ లేదని నేననుకుంటాను.

చందాలు అడిగే ముందే చూడాల్సినవి, ఇప్పటికైనా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. చెట్టు మీది నుంచి పడి శాశ్వత వైకల్యం కలిగిన గీత కార్మికుడికి తెలంగాణలో 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఉంది. అతను గీత సహకార సంఘంలో సభ్యుడో, లేక ‘గీసేవాడికే చెట్టు’ పథకం (టీఎఫ్‌టీ) కింద సొంతంగా లైసెన్సు ఉన్నవాడో కావాలి. ప్రమాదం జరిగినట్టు ఎక్సైజ్ శాఖ పంచనామా, వైకల్యం శాశ్వతమని వైద్య మండలి ధ్రువపత్రం కావాలి. మూడు నెలలు గడిచాయి కనుక పంచనామా జరిగిందో లేదో రేపే ఎక్సైజ్ కార్యాలయంలో అడగండి. సంఘం అధ్యక్షుడిని వెంట తీసుకెళ్లండి. ఆ డబ్బు రావడానికి చాలా కాలం పడుతుంది, కనుక అది వస్తుందన్న ఆశతో చందాల డబ్బును ఒకేసారి ఖర్చు పెట్టవద్దు. అలాగే అతని వంతు చెట్లు ఇప్పుడు ఎవరు గీస్తున్నారో, అతనికి అందులో వాటా ఏమైనా చేరుతుందో సంఘంలో అడగండి. ఈ మాట బయటివాళ్లు అడగడం కంటే సంఘంలోని పెద్దమనిషి చేత అడిగించడం మర్యాద.

సదరం ద్వారా వైకల్య ధ్రువపత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) తీసుకుంటే తెలంగాణలో నెలకు 4,016 రూపాయల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కృష్ణా నదికి అవతల, ఆంధ్రప్రదేశ్‌లో, మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్లకు 2024 నుంచి నెలకు 15,000 ఇస్తున్నారు. నడుము విరిగిన మనిషికి ఏ ఒడ్డున ఉన్నా రాత్రికి అన్నిసార్లే తిప్పడం అవసరం. ఇవతలి ఒడ్డున కూడా ఆ అంకె మారాలని అడగాల్సిన బాధ్యత మనందరిదీ. మొదటి ప్రైవేటు ఆస్పత్రిలో మీరు కట్టిన డబ్బుకు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేయవచ్చు. దానికి అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం నకలు పట్టుకుని ఎమ్మెల్యే కార్యాలయానికి వెళ్లాలి. చందాలు పోగు చేసే చోట తరచూ జరిగే నష్టం ఇదే. డబ్బు కట్టినవాడి జేబులో ఒక బిల్లు, కారు నడిపినవాడి డ్యాష్‌బోర్డులో ఇంకొకటి ఉండిపోతాయి, గడువు దాటాక ఎవరికీ పనికిరావు. అన్నీ ఒక సంచిలో వేసి ఆ సంచిని అతని ఇంట్లోనే ఉంచండి.

అన్న చేతికి ఇవ్వడం గురించి నేను ఎక్కువ చెప్పను. పొలం తగాదా ఉన్న అన్నదమ్ముల మధ్య, కదలలేని తమ్ముడి బతుకు ఖర్చు అన్న చేతిలో పెట్టడం ఇద్దరికీ అన్యాయం. అన్న ఎంత మంచివాడైనా రేపు ప్రతి రూపాయికీ మాట పడతాడు. ఆయన సాయం చేయాలనుకుంటే చేయడానికి చాలా పని ఉంది. మగమనిషిని మంచంలోంచి కుర్చీలోకి ఎత్తడానికి ఇద్దరు కావాలి. రోజుకు రెండుసార్లు ఆయన వచ్చి నిలబడితే అది డబ్బు పట్టుకోవడం కంటే పెద్ద సాయం.

ఫొటో విషయంలో మాత్రం నేను మెత్తగా చెప్పలేను. దాన్ని ఈ రోజే తీయించండి. పెట్టినవారి ఉద్దేశం మంచిదే అయి ఉంటుంది, కానీ వాళ్ల అనారోగ్యాన్ని ఎవరైనా అలా వాడితే ఒప్పుకునేవారా అని అడగండి. మీ మిత్రుడికి ఇద్దరు బడి పిల్లలున్నారనుకుంటాను, ఫీజుల సంగతి రాశారు కదా. ఆ పిల్లల తోటివాళ్ల ఇళ్లలో ఆ ఫొటో ఫోన్లలో తిరుగుతోంది. తాటిచెట్టంత ఎత్తున పనిచేసిన మనిషిని ఊరు ఇంతకాలం తల పైకెత్తి చూసింది, ఇప్పుడు ఆ సంచితో చూస్తోంది. చందా అడగడానికి ఫొటో కావాలంటే అతన్నే అడగండి. మోకు భుజాన వేసుకుని నవ్వుతూ దిగిన పాత ఫొటో అతని ఫోన్లోనే ఉండవచ్చు. అసలు ఫొటో వద్దంటే వద్దు. ఏం రాయాలో, ఎంత చెప్పాలో అతను విని ఒప్పుకున్న తర్వాతే ఏ అభ్యర్థన అయినా బయటికి వెళ్లాలి. మందుల చీటీలు, ఆధార్ కార్డు ఫొటోలు గ్రూపుల్లో తిరుగుతుంటే అవి కూడా తీయించండి. అలాంటి కాగితాలతో వేరే ఖాతా నంబరు తగిలించి మోసపు చందాలు వసూలు చేసేవాళ్లున్నారు.

అమెరికా మిత్రుల సంగతిలో ఒక్క ప్రశ్న అడగండి, వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదని. భారత పౌరుడు ఎక్కడ ఉన్నా, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కాదు, మీ మిత్రుడి ఖాతాకు నేరుగా పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు మాత్రం, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల చట్టం పరిధిలోకి వస్తుంది. ఆ చట్టం ప్రభుత్వ ఉద్యోగులు విదేశీ విరాళం పుచ్చుకోవడాన్ని నిషేధించింది కాబట్టి అది ఎట్టి పరిస్థితుల్లోనూ మీ ఖాతాలోకి రాకూడదు. అలాంటి మిత్రుడిని, ఆ చట్టం కింద నమోదైన స్వచ్ఛంద సంస్థ ద్వారా పంపే మార్గం గురించి ఒక ఆడిటరును అడగమనండి. పంపినవారికి ఇక్కడ పన్ను మినహాయింపు వస్తుందా అని ఎవరైనా అడిగితే, వ్యక్తికి ఇచ్చిన డబ్బుకు రాదని చెప్పండి.

మిలాప్, కెట్టో, ఇంపాక్ట్ గురు లాంటి ఆన్‌లైన్ చందాల వేదికల్లో పెడదామని గ్రూపులో ఎవరో ఒకరు ఈపాటికి అనే ఉంటారు. 2021లో హైదరాబాద్ చిన్నారి ఒకరికి దాదాపు 16 కోట్ల రూపాయల జన్యు చికిత్స ఇంజెక్షన్ కోసం వేలాది మంది ముక్కూమొహం తెలియనివాళ్లు ఇలాంటి వేదిక ద్వారానే డబ్బు పంపారు, ఆ బిడ్డకు ఇంజెక్షన్ అందింది. ఒకే పెద్ద చికిత్స, దానికి ఆస్పత్రి ఇచ్చిన అంచనా, తక్కువ వ్యవధి, ఈ మూడూ ఉన్నచోట అవి బాగా పనిచేస్తాయి. మీ మిత్రుడి అవసరం అలాంటిది కాదు. అది ఏళ్ల తరబడి నెలనెలా ఉండే చిన్న ఖర్చు. అపరిచితులకు అది కదిలించే కథగా అనిపించదు. పక్క బెంచీలో కూర్చున్నవాళ్లకే దాని బరువు తెలుస్తుంది.

అందుకని గ్రూపులో రెండోసారి అడగండి, కానీ వేరే విధంగా. ఇంకో ఐదువేలు ఇవ్వమని కాకుండా, నెలకు 200 రూపాయలు రెండేళ్ల పాటు ఇవ్వగలరా అని అడగండి. 71 మందీ ఒప్పుకుంటే నెలకు 14,200 అవుతుంది. అందరూ ఒప్పుకోరు, కొందరు మధ్యలో మానేస్తారు, వాళ్లను ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. సగం మంది, ఒక 35 మంది, నిలబడ్డా 7,000 వస్తుంది. పింఛను 4,016 కలిపితే 11,016. ఆమె కూలి మానుకుని ఇంట్లో ఉండడానికి అది చాలు. అప్పుడు దాచిన 2,40,000లోంచి తీయాల్సింది కూడా తగ్గుతుంది. బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా డబ్బు తనంతట తానే వెళ్లే ఏర్పాటు ఉంది, దాన్ని పెట్టుకోమనండి. ప్రతి నెలా ఎవరో ఒకరు గుర్తుచేయాల్సి రావడం, ఆ గుర్తుచేసిన సందేశాన్ని అతను కూడా అదే గ్రూపులో చదవాల్సి రావడం, రెండూ తప్పుతాయి. అతను ఆ గ్రూపులోనే ఉన్నాడని మీలో ఎంతమందికి గుర్తుందో నాకు తెలియదు.

ఈ ఆదివారం మీరొక్కరే అతని ఇంటికి వెళ్లండి. ఫొటో విషయంలో క్షమాపణ ముందు చెప్పండి, లెక్క కాగితం అతని చేతికివ్వండి. అతను వెంటనే మాట్లాడకపోతే కూర్చోండి. వెళ్లేటప్పుడు జేబులో ఒక కొలత టేపు పెట్టుకోండి. కొత్త కుర్చీ ఎంత వెడల్పున్నా అది గడపలు దాటితేనే పనికొస్తుంది. మన పల్లె ఇళ్లలో మరుగుదొడ్డి తలుపు రెండడుగులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, కుర్చీ పట్టాలంటే మూడడుగులకు దగ్గరగా ఉండాలి. వాకిట్లో అడుగు ఎత్తు మెట్టు ఉంటే దానికి వేసే వాలు పన్నెండు అడుగుల పొడవు రావాలి, అంతకంటే నిటారుగా వేస్తే తోసేవాళ్లకు అదుపు తప్పుతుంది. ఈ కొలతలు అతను చూస్తుండగానే తీయండి, ఏ తలుపు ముందు మార్చాలో, కుర్చీ ఎటు తిరగాలో అతన్నే చెప్పమనండి, చెప్పింది చెప్పినట్టు ఆ లెక్క కాగితం వెనక రాసుకోండి.